రెండు బై రెండు అత్తగారు

ఆ శనివారం కోడలు వేసుకున్న పథకంలో ఎక్కడా లోటు లేదు. అత్తగారు ఇన్నేళ్లూ డ్రిల్లు టీచరుగా పనిచేసిన బడిలో ఆ రోజు ఆవిడకు వీడ్కోలు సభ. మధ్యాహ్నం దాటితేగానీ ఇంటికి రారు. ఆలోగా స్క్రాప్‌బుక్ పూర్తిచెయ్యాలి. సాయంత్రం ఆవిడ చేతిలో పెట్టి కళ్ల నీళ్లు తెప్పించాలి. ఈమధ్య అత్తగారు ఇంట్లో మాట తగ్గించేశారు. ఇకమీదట ఎవర్ని వరసలో నిలబెట్టాలన్నదే ఆవిడ దిగులని కోడలికి తెలుసు.

భోజనాల బల్ల నిండా రంగు కాగితాలు, లేసు ముక్కలు, చిట్టి గుండీలు, పూసలు, మెరుపుల పొడి డబ్బా. ఆటల పోటీల ఫోటో కింద పచ్చ కాగితంతో గడ్డి కత్తిరించి అతికించింది. పరుగు పందెం ఫోటోకి రిబ్బను ముక్కతో ముగింపు గీత పెట్టింది. అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ గుట్టుగా తిరిగి, అత్తగారి గురించి తలా ఒక మంచిమాట రాయించుకొచ్చింది. ఇక రావలసినవి స్టిక్కర్లే. నోట్లో ఈలతో అత్తగారి మొహం, కింద "ఈల వేస్తే లైనులోకి రావాల్సిందే" అన్న మాట. పేజీకొకటి, మూలన బుజ్జిగా ఉండాలి. ప్రింటింగ్ షాపాయనకు ఫోన్ చేసి, కొలత రెండు బై రెండు అని చెప్పింది.

ఆమె చెప్పింది అంగుళాల్లో. ఆయన బోర్డులు, బ్యానర్లు వేసేవాడు. ఆయన దృష్టిలో అడుగు కన్నా చిన్న కొలతే లేదు.

గంట మోగగానే కోడలు పరుగెత్తింది. గుమ్మంలో చాపచుట్టంత చుట్ట ఉంది. విప్పేసరికి అత్తగారి మొహం బల్లంత పరుచుకుని, బొమ్మైనా సరే కళ్లురిమినట్టే చూసింది. పుస్తకం ఆవిడ గడ్డం కింద దాక్కుంది. భర్త వచ్చి అటూ ఇటూ తిరిగి చూశాడు.

"పోనీ, పుస్తకాన్నే దీని మీద అతికిద్దామా?"

"నవ్వకండి. అత్తయ్య వచ్చేలోపు వీటిని ఇంట్లోంచి దాటించండి."

ఆయన చుట్ట భుజాన వేసుకుని కిందికి దిగి, వాచ్‌మన్‌కి అప్పజెప్పాడు. "అమ్మ వచ్చేలోపు వీటిని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టెయ్," అని చెప్పి మెట్లెక్కేశాడు.

వాచ్‌మన్ ఒక అంచు లాగి చూశాడు. వెనక జిగురు ఉంది, ముందు టీచరుగారి మొహం ఉంది, మర్నాడు అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికలు ఉన్నాయి. ఇక ఎవర్నీ అడగాల్సిన పని కనపడలేదు. పైగా ఇప్పుడున్న అధ్యక్షుడంటే అతనికి పడదు. ఉత్సాహంగా మొదలుపెట్టి, లిఫ్టు తలుపు మీద, లిఫ్టు లోపల మూడు పక్కలా, మెట్ల మలుపుల్లో, మోటారు గది మీద, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేశాడు.

అధ్యక్షుడు ఏనాడూ పోటీ ఎరగడు. బజారు నుంచి వచ్చి లిఫ్టు ఎక్కేసరికి మూడు మొహాలు ఈల నోట్లో పెట్టుకుని ఆయన్నే చూస్తున్నాయి. అలవాటు ప్రకారం లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగింది. అది మళ్లీ కదిలేదాకా ఆయన వాటి ఎదురుగానే నిలబడ్డాడు. బయటపడగానే తిన్నగా వచ్చి కోడలి ఇంటి గంట కొట్టాడు.

షాపువాడు చుట్ట మోసుకొస్తుంటే చూసి, అదేమిటో అడగడానికి వచ్చాడనుకుంది కోడలు.

"ఎన్నాళ్లుగా సాగుతోందమ్మా ఇది?" అన్నాడాయన నీరసంగా.

"నాలుగు నెలలుగానండీ. అత్తయ్యకు కూడా తెలీదు. అంతా మేమే నడిపిస్తున్నాం."

"మీ వెనక ఎంతమంది ఉన్నారు?"

"అందరూనండీ. ఇంటింటికీ తిరిగాను. అడిగిందే తడవు సంతకాలు కూడా చేసిచ్చారు. మీ ఆవిడగారైతే రెండు పేజీలు రాశారు."

ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఓడిపోయి దిగడం కన్నా ఇదే మర్యాద. మోటారు గది తాళం కాస్త బిగుసు, మీ అత్తగారిని జాగ్రత్తగా తిప్పమను."

ఆయన వెళ్లాక భార్యాభర్తలు తాళాల వంక చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిందికి పరుగెత్తుతూ, ఒక్కో మెట్ల మలుపు దగ్గరా అత్తగారిని దాటుకుంటూ వెళ్లేసరికి సంగతి బోధపడింది. ఒక మూల గోకి చూశారు. ఊడలేదు. ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది.

అత్తగారు పూలగుత్తితో దిగేసరికి సగం అపార్ట్‌మెంట్ కింద ఉంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆవిడ లిఫ్టు తలుపు మీద ఉన్న తనను తాను తేరిపార చూసుకున్నారు. కొడుకు అమ్మా అని ఏదో చెప్పబోయాడు. అతన్ని పక్కకు జరిపి ఐదో అంతస్తు తాతగారు ముందుకొచ్చారు.

"ఈ లిఫ్టు బాగుచేయించే దిక్కు లేదమ్మా. మీరు నిలబడుతున్నారని తెలిసి ప్రాణం లేచొచ్చింది."

చాన్నాళ్లుగా వాలి ఉన్న అత్తగారి భుజాలు మెల్లగా నిటారుగా లేవడం కోడలు చూసింది. నిజం చెప్పాలని తెరిచిన నోరు మూసుకుని, తాళాలు ఆవిడ చేతిలో పెట్టేసింది.

సాయంత్రం పుస్తకం కూడా ఇచ్చింది. అత్తగారు గడ్డిని, గుండీలను వేలితో తడుముతూ ఒక్కో పేజీ తిప్పారు. ఇరుగుపొరుగు రాసిన మాటలు రెండేసి సార్లు చదివారు. కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. పొద్దున వేసుకున్న పథకం అక్షరాలా నెరవేరిందని కోడలికి ఒళ్లు పులకరించింది. అప్పుడు ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"పుస్తకం బంగారంలా ఉందమ్మా. కానీ రేపు కుర్చీలో కూర్చోబోయేదాన్ని, నా ఇంటివాళ్లే గోడలు పాడుచేస్తే ఊరుకుంటానా? లిఫ్టుతో మొదలుపెట్టండి. ఇద్దరూను."

షాపాయన వాడిన జిగురు చాలా నాణ్యమైనదని మూడో అంతస్తుకు వచ్చేసరికి ఇద్దరికీ తెలిసొచ్చింది.