మొదటి కారా, రెండో కారా

ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కళ్లజోళ్ల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి సాయంత్రం దించేదాకా ఆయన నోట ఒకటే పాట. "ఇది బాగుందా, ఇదా? మొదటిదా, రెండోదా?" కుర్చీలో కూర్చున్నవాళ్లు తడుముకుంటూ ఏదో ఒకటి చెబుతారు. ఆయన రాసుకుంటాడు.

ఆ ప్రశ్న తిరిగి ఆయన్నే అడిగితే మాత్రం కష్టం. నీలం చొక్కానా, తెల్ల చొక్కానా అని బీరువా ముందు నిలబడి, చివరికి నిన్నటిదే వేసుకుని వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి.

అలాంటి మనిషి ఒక్క విషయంలో గట్టిగా తేల్చుకున్నాడు. పాత కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, తల అడ్డంగా ఊపుతూ మెల్లగా దించాడు. దాంతో భార్యాభర్తలిద్దరూ షోరూంకి వెళ్లారు. అక్కడ అన్నీ చూశాక చివరికి రెండు కార్లు మిగిలాయి.

ఒకటి ఎర్రది. పొట్టిగా, నేలకి అతుక్కున్నట్టు ఉంటుంది. తలుపులు రెండే. స్టార్ట్ చేస్తే ఎవరి మీదో కోపం వచ్చినట్టు గుర్రుమంటుంది. రెండోది బూడిద రంగు సెడాన్. పొడుగ్గా, మెత్తటి సీట్లతో, ఎంత స్పీడుగా పోతున్నా లోపలివాళ్లకి ఆ సంగతి తెలియనివ్వదు.

"వేగంలో రెండూ సమానమే సార్," అన్నాడు సేల్స్‌మన్. నిద్రలో కూడా నవ్వుతూనే ఉంటాడేమో అనిపించే మనిషి. "ఎర్రది వేగంగా పోతున్నట్టు ఉంటుంది. దీంట్లో అలా అనిపించదు. ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి. తర్వాత రెండూ ఉండవు."

అద్దాలాయనకి ఎర్రది కావాలి. పాత కారు మామగారు చూసిపెట్టింది. అంతకుముందు స్కూటరు అన్నయ్య వాడి వదిలేసింది. యాభై ఏళ్లొచ్చాయి, నెత్తి మీద జుట్టు వెళ్లిపోయింది. ఇప్పుడైనా తనకి నచ్చింది నడపకపోతే ఇంకెప్పుడు నడుపుతాడు? కాకపోతే ఆ మాట భార్యతో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"వెనక సీట్లో అమ్మనెలా కూర్చోబెడతారు? మడతపెట్టా?" అంది భార్య ఇంటికి రాగానే. షాపులో ఫ్రేములు సరిచేసేది ఆవిడే. ఎవరి చెవి ఎంత వంకరో ఒక్క చూపులో చెప్పగలదు. ఆవిడ తల్లి, అంటే అత్తగారు, వాళ్లతోనే ఉంటుంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

"నేను ఎర్రదే కావాలన్నానా? నాకు రెండూ ఒకటే."

"మరి ఎర్రదాని ఫొటో ఫోన్‌లో ఎందుకు పెట్టుకున్నారు?"

"దాని పక్కన గోడ బాగుందని."

భార్య ఆయన వంక ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఆయనకో ఉపాయం తట్టింది. ఇంచుమించు ఒకేలా ఉండే రెండు లెన్సులు వరసగా పెడితే, పదిమందిలో ఎనిమిదిమంది రెండోదే బాగుందంటారని ఆయన అనుభవం. కాబట్టి బూడిద రంగుది ముందు చూపించాలి, ఎర్రది తర్వాత చూపించాలి. అప్పుడు భార్యే తన నోటితో రెండోది అంటుంది. పాపం ఎవరికీ అంటదు.

"కళ్లతో చూస్తే రంగు చూసి మోసపోతామే," అన్నాడు ఆదివారం పొద్దున, షాపులోంచి తెచ్చిన నల్ల పట్టీ చూపిస్తూ. "కళ్లు మూసుకుని, ఒంటితో తేల్చుకోవాలి. నేను నడుపుతాను. నువ్వు మొదటిదో రెండోదో చెప్పు, చాలు."

"సరే," అంది భార్య.

అంత తేలిగ్గా సరే అన్నప్పుడే ఆయన అనుమానించాల్సింది.

షోరూంకి వెళ్లి మొదట సెడాన్ తీశాడు. ముందు సీట్లో కళ్లకి పట్టీ కట్టుకుని భార్య, వెనక అత్తగారు. ఊళ్లో ఉన్న గుంటలన్నీ వెతికి వెతికి తొక్కించాడు. కారు ఒక్క గుంటనీ లెక్కచెయ్యలేదు. పైగా ఆయన నడుము నొప్పి కూడా తగ్గినట్టనిపించింది. అది ఆయనకి నచ్చలేదు.

తర్వాత ఎర్రది. అత్తగారిని వెనక్కి ఎక్కించడానికి ఆయనా, సేల్స్‌మనూ, వాచ్‌మనూ కలిసి పావుగంట కష్టపడ్డారు. నున్నటి కొత్త రోడ్డు మీదికి తీసుకెళ్లి ఒక్క తొక్కు తొక్కాడు. ముగ్గురి వీపులూ సీట్లకి అతుక్కున్నాయి. వెనకనుంచి చప్పుడే లేదు. పాపం ఆవిడ ఎంత అవస్థ పడుతోందో అనుకున్నాడుగానీ, వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

"ఇప్పుడు చెప్పు. మొదటిదా, రెండోదా?"

"మళ్లీ మొదటిది చూపించండి," అంది భార్య.

ఆయనకి ఆ మాట బాగా తెలుసు. షాపులో ఈ మాట అన్న ప్రతివాళ్లూ ఆయన చేత అరగంట కూర్చుని లెన్సులు మార్పించినవాళ్లే.

మళ్లీ సెడాన్. మళ్లీ ఎర్రది. అత్తగారిని ఎక్కించారు, దించారు, మళ్లీ ఎక్కించారు. "ఇప్పుడు రెండోది కొంచెం మసగ్గా ఉందండీ," అంది భార్య. "మొదటిదీ అంతే. ఇంకోసారి."

నాలుగో రౌండుకి ఆయనకే తికమక మొదలైంది. ఎర్రదాంట్లో ఉంటే నడుము సెడాన్ కావాలంటోంది. సెడాన్‌లో ఉంటే మనసు ఎర్రది అంటోంది. గుంటల రోడ్డుకి పొరపాటున ఎర్రదాన్ని తీసుకెళ్లి పళ్లు పటపటలాడించుకున్నాడు. అసలు ఏది మొదటిదో, ఏది రెండోదో కూడా తెలియడం మానేసింది.

"మీరు అలిసిపోయారు," అంది భార్య, పట్టీ విప్పుతూ. "ఇప్పుడు మీరు కూర్చోండి. నేను నడుపుతాను."

కాదనడానికి కారణం దొరకలేదు. ఆయన కళ్లకి పట్టీ పడింది. ఎవరో చెయ్యి పట్టి నడిపించారు, కూర్చోబెట్టారు. కారు మెత్తగా ఒక చుట్టు తిరిగొచ్చి ఆగింది. మళ్లీ దించారు, నాలుగడుగులు నడిపించారు.

"తల బాగా వంచండి," అంది భార్య.

పక్కనే ఇంజను గుర్రుమంది. ఆయన పెదాల మీదికి నవ్వొచ్చింది. ఎర్రదే. కూర్చోగానే కారు దూసుకుపోయింది. వీపు సీటుకి అతుక్కుంది. మలుపులో ఒళ్లు తేలిపోయింది. కళ్లు మూసుకుని ఉండటంతో ఇరవై ఏళ్లు తగ్గినట్టుంది.

"మొదటిదా, రెండోదా?" అంది భార్య, బండి ఆపి.

"రెండోదే," అన్నాడు గట్టిగా. "అదీ కారంటే. మొదటిది దీని ముందు ఎడ్లబండి. ఆ పట్టు చూడు, ఆ ఊపు చూడు. ఇదే రాసుకోండి."

సేల్స్‌మన్ కాగితాలు ఆయన మోకాలి మీద పెట్టాడు. సంతకం ఎక్కడో వేలు పట్టి చూపించాడు. ఆయన పట్టీ కట్టుకునే సంతకం పెట్టి, అప్పుడు విప్పి చూశాడు.

బూడిద రంగు సీటు. బూడిద రంగు తలుపు. ఎర్రది పది గజాల అవతల నిలబడి ఉంది. దాంట్లో కూర్చుని వాచ్‌మన్ ఇంకా ఆక్సిలరేటరు తొక్కుతూనే ఉన్నాడు.

"మరి మొదటిదేదే?"

"అదీ ఇదేనండీ."

"రెండుసార్లూ ఒకటేనా?"

"కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పేది నిజమో కాదో తెలియాలంటే ఒకే లెన్సు రెండుసార్లు పెట్టాలని నాకు నేర్పింది మీరేగా," అంది భార్య. "రెండో చుట్టు కొంచెం గట్టిగా తొక్కాను, అంతే. ఎర్రది కావాలని నోరు తెరిచి ఒక్కమాట అడిగితే ఏం పోయింది?"

"అడిగితే వద్దంటావని."

"అమ్మ కోసం వద్దందును. అమ్మ సరేనంటే నేను మాత్రం ఎందుకు వద్దంటాను?"

ఆయన నల్ల పట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సేల్స్‌మన్ నవ్వు ఆ రోజు మొదటిసారి నిజమైన నవ్వులా కనిపించింది.

తిరుగు ప్రయాణంలో కొత్త సెడాన్ని భార్యే నడిపింది. ఆయన వెనక సీట్లో అత్తగారి పక్కన ముడుచుకు కూర్చున్నాడు. ముడుచుకోవాల్సిన అవసరం లేదు, చోటు బోలెడుంది. ఎర్రది అద్దంలో చిన్నదై, మలుపు దగ్గర మాయమైంది.

"క్షమించండి అత్తయ్యగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "పొద్దుట్నుంచీ మిమ్మల్ని ఆ ఇరుకులో చాలా కష్టపెట్టాను."

అత్తగారు కూతురికి వినబడకుండా ఇటు ఒరిగింది.

"కష్టమేముంది అల్లుడుగారూ. అయిదోసారి ఎప్పుడు ఎక్కిస్తారా అని చూస్తున్నాను. ఆ కొత్త రోడ్డు మీద పోతుంటే ఎంత బాగుందో. నా ఓటు ఎర్రదానికే."

ఆయన పూర్తిగా ఆవిడ వైపు తిరిగాడు. "మరి మీ మోకాళ్లో?"

"మోకాళ్ల సంగతి మీరిద్దరే మాట్లాడుకున్నారు. మొదటిదా రెండోదా అని మా అమ్మాయిని అన్నిసార్లు అడిగారు. నన్ను ఒక్కసారి అడగలేదు."