మత్తు మాన్పించిన యంత్రం

మా హంబోల్ట్ కౌంటీలో గంజాయి మత్తును వదలగొట్టింది పోలీసులు కాదు, చర్చి పాస్టర్లు కాదు, ఒకప్పుడు దొంగచాటు పంటను వెతుకుతూ మా కొండల మీద చక్కర్లు కొట్టిన సర్కారు హెలికాప్టర్లూ కాదు. అరచేతిలో ఇమిడే ఓ బ్యాటరీ యంత్రం! నేను గాలి కబుర్లు చెప్పేవాణ్ణి కాను. ఈల్ నది ఒడ్డున తల నెరిసే దాకా ఈ పంటే పండించినవాణ్ణి. పండించినదంతా అమ్ముకోకుండా కొంత ఇంట్లో ఉంచుకుని, దానికి తగిన న్యాయం చేసినవాణ్ణి. నా మాటకు కాస్త విలువివ్వండి.

యంత్రం పేరు వేపరైజర్. ఇందులో ఆకు పెట్టరు, మొగ్గ పెట్టరు. మొక్కలోంచి పిండి తీసిన మైనం పెడతారు. బొత్తాం నొక్కితే లోపలి చిట్టి గిన్నె వేడెక్కుతుంది, మైనం ఆవిరవుతుంది, పైన ఉన్న గాజు గొట్టంలోంచి పీల్చుకోవడమే. నిప్పు లేదు, బూడిద లేదు, కంపు లేదు. కొట్టులో అమ్మాయి ఇంతవరకే చెప్పింది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అదే ఆ యంత్రం గొప్పతనం! మనిషిని చేరదీస్తుంది, కూర్చోబెడుతుంది, చేతినిండా పని పెడుతుంది, మత్తు మాత్రం దగ్గరికి రానివ్వదు. పని పాటా లేకపోవడం వల్లే కదా మనుషులు మత్తులో పడేది?

ముందు ఛార్జింగ్ పెట్టాలి. తర్వాత దాన్ని ఫోనుతో కలపాలి. ఎందుకూ అంటారా? వేడి ఎంత ఉండాలో ఫోను చెబితేనే అది వింటుంది, మనం చెబితే వినదు. ఒకప్పుడు దమ్ము కొట్టాలంటే అగ్గిపెట్టె కావాలి. ఇప్పుడు పాస్‌వర్డ్ కావాలి. అందులో పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి ఉండాలట. మరిచిపోతే నా మొదటి పెంపుడు కుక్క పేరేమిటని అడుగుతుంది. ఆ కుక్కను తలుచుకుని కాసేపు బాధపడి, పేరు కొట్టి, లోపలికి వెళ్లానో లేదో, కొత్త అప్‌డేట్ వచ్చింది, యంత్రాన్ని కదపవద్దు అంటుంది. కదపకుండా పట్టుకుని కూర్చుంటాను. ఏ యోగి అయినా ఇంతకంటే నిశ్చలంగా కూర్చున్నాడా?

ఇక మైనం సంగతి. మా ఊరి పొగమంచుకి అది రాయిలా బిగుసుకుంటుంది. ఇనప పుల్లతో గీకితే ఆవగింజంత ముక్క టప్పున ఎగిరి ఎటో పోతుంది. సరే కదా అని అరచేతిలో వెచ్చబెడితే కరిగి వేళ్లకి, వేళ్ల నుంచి కళ్లజోడుకి, కళ్లజోడు నుంచి కనుబొమ్మలకి అంటుకుంటుంది. ప్రస్తుతం మా ఇంట్లో ఉన్న సరుకులో సగం మా పిల్లి వీపు మీద ఉంది. అది దువ్వనివ్వడం లేదు.

అసలు మహిమ దీని తర్వాత ఉంది. పీల్చిన ప్రతిసారీ ఆ గిన్నెని దూదిపుల్లతో తుడవాలి. ఎప్పుడు తుడవాలి? అక్కడుంది కిటుకు! వెంటనే తుడిస్తే దూది మాడిపోతుంది. కాస్త ఆగితే జిగురు గట్టిపడి గిన్నె పాడవుతుంది. గిన్నె గోరువెచ్చగా ఉన్నప్పుడే, ఆ కాస్త వ్యవధిలోనే, స్పిరిట్‌లో ముంచిన పుల్లతో గుండ్రంగా తిప్పి తుడవాలి.

మీకు అనుభవం లేకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. మనిషి కుర్చీలో వెనక్కి వాలి, రెడ్‌వుడ్ చెట్ల కొసలకేసి చూస్తూ 'ఆహా' అనుకోవలసిన ముహూర్తం కూడా సరిగ్గా అదే! ఆ ముహూర్తానికి నేను కళ్లు చిట్లించుకుని గిన్నెలో పుల్ల తిప్పుతుంటాను. తుడవడం అయ్యేసరికి ఆహా అయిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ తుడవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, నాకు ఎలుక కూడా దొరకలేదు. కొండ మాత్రం అద్దంలా మెరిసిపోతోంది.

లాభాలు ఇంతటితో ఆగలేదు. గాజు గొట్టం, గిన్నె, మూత అన్నీ విడదీసి స్పిరిట్‌లో నానబెట్టాలి కాబట్టి మా వంటగది ఆపరేషన్ థియేటర్‌లా వాసన వేస్తుంది. మొన్న ఎవరో వచ్చి, గుమ్మంలో అడుగు పెట్టగానే సూదిమందు వేయించుకోవడానికి చొక్కా చేయి పైకి మడిచారు. ఇంట్లో దూదిపుల్లలన్నీ యంత్రానికే ఖర్చవుతున్నాయి గనక మాకు చెవులు శుభ్రం చేసుకునే యోగం లేదు. మా ఆవిడ ఫెర్న్ చెప్పేదాంట్లో సగం నాకు వినపడదు, నేను చెప్పేదాంట్లో సగం ఆమెకి వినపడదు. సంసారం ఎంత సాఫీగా సాగిపోతోందో చెప్పలేను!

ఆరోగ్యం దృష్ట్యా చూసినా దీనికి సాటి లేదు. గురువారం సాయంత్రాలు మా వరండాలో నలుగురం కూర్చోవడం చాలా కాలంగా ఉన్న అలవాటు. నేను, ఫెర్న్, ఈ లోయలో సగం మందికి పురుడు పోసిన బెర్నీస్, నది అవతలి గట్టున నాతో పాటే పంట వేసిన ఓర్విల్. అప్పట్లో నలుగురికీ ఒకటే చుట్ట. ఎడమవైపుకి తిరగాలన్నది నియమం. చుట్ట చేతికొచ్చినవాడు ఏదో కథ ఎత్తుకుంటాడు, ఇవ్వడం మరిచిపోతాడు, మిగతా ముగ్గురూ వాణ్ణి తిడతారు, తిట్లలోంచి ఇంకో కథ పుడుతుంది. ఓర్విల్ పీల్చింది నేను, నేను పీల్చింది బెర్నీస్. ఎంత ఎంగిలి! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడా బాధ లేదు. ఎవరి యంత్రం వారిది, ఎవరి గిన్నె వారిది. వరండాలో తలలు వంచుకుని, గడియారాలు బాగుచేసేవాళ్లలా, ఎవరి పనిలో వాళ్లం ఉంటాం. బెర్నీస్ యంత్రం ఎర్రగా వెలిగి ఆరుతుంటే ఆమె దాని అర్థం వెతుక్కుంటుంది. ఫెర్న్‌ది అప్‌డేట్ అవుతూ ఉంటుంది. నాది గోరువెచ్చన. మాటల్లేవు గనక మాట పట్టింపుల్లేవు. ఎవరూ ఎవరి మొహమూ చూడరు గనక ఎవరూ ముసలివాళ్లు కావడం లేదు.

మరి ఓర్విల్ ఏడి అంటారా? అదే చెప్పబోతున్నాను. నిజమైన స్నేహితుడెవరో తేల్చి చెప్పడంలో కూడా ఈ యంత్రం ఘనాపాఠి!

వేసవిలో ఓ గురువారం ఓర్విల్ తన యంత్రం తీసుకురాలేదు. ఇంట్లో మరిచిపోయానన్నాడు. నేను పెద్దమనసు చేసుకుని నాది ఇచ్చాను. పీల్చాడు. గాజు గొట్టం తీసి పక్కన పెట్టాడు. గిన్నె గోరువెచ్చగా ఉంది. పుల్ల ఎదురుగా ఉంది. స్పిరిట్ సీసా మూత తీసే ఉంది. పాఠకులారా, గుండె దిటవు చేసుకోండి. తుడవలేదు! అలాగే నా చేతికిచ్చేశాడు.

గిన్నె నల్లబడింది. నేనూ మనిషినే కదా, నోరు ఊరుకోలేదు. ఇన్నేళ్ల స్నేహానికి ఒక్క దూదిపుల్ల తిప్పలేకపోయావా అన్నాను. పంది కూడా తన దొడ్డి ఇంతకంటే శుభ్రంగా ఉంచుకుంటుందన్నాను. అతను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, "సర్లేరా హోలిస్" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గురువారాలు రావడం మానేశాడు.

హెలికాప్టర్లు వచ్చినప్పుడు ఒకే దుప్పటి కింద, ఒకే పొదలో తలదాచుకున్నవాళ్లం. ఒకే అమ్మాయి వెంటపడి ఇద్దరం చీవాట్లు తిన్నవాళ్లం. అప్పుడు చెడని స్నేహం దూదిపుల్ల దగ్గర చెడిందంటే దాని బండారం బయటపెట్టిన యంత్రానికి చేతులెత్తి మొక్కాలా, వద్దా? నేను మొక్కాను. మొక్కి, వరండాలో అతను కూర్చునే కుర్చీ మీద నానబెట్టిన గిన్నెలు ఆరబెట్టాను. కుర్చీ ఖాళీగా కనబడితే బాగుండదని. అంతే తప్ప ఇంకేమీ లేదు.

ఇలా నా బతుకు పరిశుభ్రంగా గడిచిపోతుండగా అక్టోబరు వచ్చింది. కొండ మీంచి పొడిగాలి లేచింది. తీగలు తెగి అడవి అంటుకుంటుందని కంపెనీవాళ్లు ఎప్పటిలాగే లోయ మొత్తానికి కరెంటు తీసేశారు. నా యంత్రం చచ్చింది. దాని అదనపు బ్యాటరీ చచ్చింది. ఫోనూ చచ్చింది. కరిగిపోయేవన్నీ ముందు తినెయ్యాలి గనక ఫెర్న్ ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చి వరండాలో పెట్టింది. ఇద్దరం చెంచాలతో ఆ విపత్తును ఎదుర్కొంటున్నాం. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది.

అప్పుడు గేటు తోసుకుని ఓర్విల్ వచ్చాడు. వాళ్లింట్లోనూ కరెంటు లేదట. ఉన్నట్టుండి అందరం అనాథలమయ్యాం కదా, పాత పగలు గుర్తుకు రాలేదు. ఫెర్న్ గబగబా కుర్చీ మీది గిన్నెలు తీసి ఇంకో చెంచా తెచ్చింది. అతను కూర్చుని జేబులోంచి పాత రేకు డబ్బా తీశాడు. అందులో పొడి చేసిన మొగ్గ, సన్న కాగితాలు. డబ్బా నా ముందుకు తోశాడు.

"నువ్వే చుట్టరా."

నేను నవ్వాను. పరుగెత్తే ట్రక్కు వెనకాల నిలబడి, ఎదురుగాలిలో, ఒంటి చేత్తో చుట్టగలిగిన ఏకైక మొనగాడు ఓర్విల్. నువ్వుండగా నేను చుట్టడమేమిటి, పూజారి ముందు మంత్రాలా అన్నాను.

అతను రెండు చేతులూ జేబుల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఐస్‌క్రీమ్ డబ్బాలో చెంచాలు గలగలలాడాయి. అవి గాలికి కదలడం లేదు. నేను అటూ ఇటూ చూశాను, మళ్లీ ఆ చేతులకేసి చూశాను.

"ఎప్పట్నించిరా?"

"మొన్న చలికాలం నుంచి. డాక్టరు మందులిచ్చాడు. పెద్ద గ్లాసైతే పట్టుకోగలను. నీ యంత్రంలో ఆ చిట్టి గిన్నె ఉందే, అందులో పుల్ల పెట్టడం నా వల్ల కాలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాన్రా. ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాను. నువ్వు 'ఒక్క నిమిషం ఆగు, గిన్నె చల్లారిపోతుంది' అన్నావు. ఆగాను."

ఫెర్న్ నాకేసి చూడలేదు. ఆమెకి తెలుసు. బెర్నీస్‌కీ తెలుసు. పక్క ఊళ్లో మేత కొట్టువాడికి కూడా తెలుసట. లోయ మొత్తంలో ఆ కబురు తెలియనివాడు, ఆ కబురు అందరికంటే ముందు విన్నవాడు, ఒక్కడే.

నేను చుట్ట చుట్టాను. మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా, ఒకవైపు చినిగి తయారైంది. కప్పను మింగిన పాము కూడా దీనికంటే తిన్నగా ఉంటుందన్నాడు ఓర్విల్. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో పత్రికాముఖంగా చెప్పను. చుట్ట ఎడమవైపుకి తిరిగింది. అతని పెదాల దగ్గర నేను పట్టుకున్నాను. అతను రెండు దమ్ములు లాగి, డాక్టరు గురించి మొదలుపెట్టి, మేకల మీదుగా తన మొదటి పెళ్లి దాకా వెళ్లాడు. మేం ముగ్గురం చుట్ట సంగతే మరిచిపోయాం. ఐస్‌క్రీమ్ మొత్తం కరిగిపోయింది.

ఇప్పుడు మీరే తీర్పు చెప్పండి. తుడవడం లేదు, నానబెట్టడం లేదు, అప్‌డేట్ లేదు. ఫలితం ఏమైంది? అమూల్యమైన ఒక సాయంత్రం కబుర్ల పాలైంది! ఒళ్లంతా పొగ కంపు. ఎంగిలికి అంతే లేదు. ఇద్దరు పెద్దవాళ్లు చంటిపిల్లల్లా ముక్కులు తుడుచుకోవలసి వచ్చింది. ఇలాంటి దుస్థితి నుంచే కదా ఆ యంత్రం నన్ను ఇంతకాలం కంటికి రెప్పలా కాపాడింది?

ఆ తర్వాత గాలి తగ్గి కరెంటు వచ్చింది. లోయంతా ఈలలు వేసింది. వంటగదిలో యంత్రం నీలంగా వెలిగి, కొత్త అప్‌డేట్ ఉంది, కదపవద్దు అంది. ఓర్విల్ చెప్పే కథ ఇంకా సగంలోనే ఉంది.

అందుచేత కరెంటు కంపెనీవారికి బహిరంగంగా ఒక విన్నపం చేసుకుందామని కాగితం, కలం పట్టుకున్నాను. అయ్యా, అడవి సంగతి మీకు తెలియనిది కాదు. గాలి ఉన్నా లేకపోయినా గురువారం సాయంత్రాలు మా వరండాకి కరెంటు తీసేయగలరు అని రాశాను. ఫెర్న్ నా భుజం మీంచి వంగి చదివింది. "ఏమయ్యా, దాన్ని ఆపడానికి కంపెనీ దాకా ఎందుకు? పక్కన చిన్న బొత్తాం ఉంది కదా, నొక్కి పట్టుకుంటే ఆరిపోతుంది" అంది.

వెళ్లి చూశాను. నిజంగానే ఉంది. ఇన్నాళ్లుగా రోజూ అణువణువూ తుడుస్తున్న యంత్రం మీద అలాంటి బొత్తాం ఒకటుందని నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. కొట్టులో అమ్మాయి అనలేదు, బెర్నీస్ అనలేదు, మీలో ఒక్కరూ అనలేదు. ఇదేనా మీ ధర్మం?

చెప్పే ఉంటారు లెండి. నేను అప్పుడు గిన్నె తుడుస్తూ ఉండి ఉంటాను.