హత్యల సంఖ్య: ఒకటి

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా నింపిన దరఖాస్తే నాగరికత అని సాన్ ఫెర్మిన్ మునిసిపల్ భవనం తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఆ భవనంలో జనన మరణాల గుమాస్తాగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన తియోడోరా గబునాడా ఆ జవాబును మనసా వాచా నమ్మిన మనిషి. ఊళ్లో సగం మంది పుట్టారన్న సంగతి ప్రభుత్వానికి తెలిసింది ఆవిడ చేతిరాత వల్లనే. (మిగతా సగం ఆవిడ సెలవులో ఉన్నప్పుడు పుట్టారు.) చిన్నా పెద్దా అందరూ ఆవిడను మనాంగ్ డోరే అంటారు, అంటే డోరే అక్క.

ఆవిడ ఒక నవల రాసింది. తొమ్మిదేళ్లు కూర్చుని రాసింది. ఒక చిన్న ఊరి పోలీసు స్టేషను, ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెల మధ్య యజమాని శవం, చేపలమ్మే నెస్తోర్ అనే అమాయకుడి నెత్తిన నేరం. మొత్తం ఇరవై నాలుగు అధ్యాయాలు. ఇరవయ్యోదాంట్లో పోలీసులు నెస్తోర్‌ను జైల్లో వేస్తారు. ఇరవై నాలుగోదాంట్లో అసలు హంతకుడు బయటపడతాడు, నెస్తోర్ విడుదలై ఇంటికెళ్లి భార్య వండిన అన్నం తింటాడు. ఆ అన్నం తినే పేజీ రాసిన రోజున డోరే వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లాజెల్లా లేని మనిషి. అరవై రెండేళ్ల వయసులో మొదటిసారి తన పేరు అచ్చులో చూసుకుంటోంది. శనివారం మునిసిపల్ బాస్కెట్‌బాల్ కోర్టులో ఆవిష్కరణ పెట్టుకుంది. మూడు వందల ప్రతులు వచ్చి మంచం కింద సర్దుకున్నాయి.

పదిమంది ఒకచోట చేరాలంటే పోలీసు అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో పదిహేడో గడి ఇలా ఉంటుంది: 'ఈ కార్యక్రమంలో నేరమేదైనా కలదా? కలదన్నచో రకము, సంఖ్య తెలుపుము.' పెళ్లిళ్లవాళ్లు, ఊరేగింపులవాళ్లు, ఆఖరికి దొంగచాటు కోడిపందేలవాళ్లు కూడా అక్కడ 'లేదు' అని రాసి పోతారు. డోరే మాత్రం కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. 'హత్య: ఒకటి' అని రాసి సంతకం చేసింది.

డెస్కు దగ్గరున్న సార్జెంట్ క్రిస్పులోకు ఆవిడ జ్ఞానతల్లి, అతని మాటలో నినాంగ్. బాప్తిస్మం నాడు చర్చిలో పసివాడిగా అతణ్ణి చేతుల్లో ఎత్తుకున్నది ఆవిడే.

"నినాంగ్! ఇదేంటి?" అన్నాడు జ్ఞానపుత్రుడు కళ్లద్దాలు పైకి నెట్టుకుని.

"ఏముందిరా, ఉన్నదే రాశాను."

"పెన్సిల్‌తో రాసినా చెరిపేసేవాణ్ణి కదా! సిరాతో రాశావే. నా కొంప ముంచావ్ నినాంగ్."

సిరాతో రాసిన హత్య డెస్కు మీదికొస్తే గంటలోగా స్టేషను డైరీకి ఎక్కించాలని పద్నాలుగు-బి సర్క్యులర్ చెబుతోంది. (హత్య జరిగిందా లేదా అన్న విషయంలో సర్క్యులర్ మౌనం వహించింది.) క్రిస్పులో నిట్టూర్చి ఎక్కించాడు. దాంతో ఆరేళ్లుగా ఒక్క హత్య కూడా లేని సాన్ ఫెర్మిన్‌లో అధికారికంగా ఒక హత్య జరిగిపోయింది.

సోమవారం ప్రావిన్సు నుంచి 'అత్యంత ప్రశాంత పట్టణం' షీల్డు పరిశీలకులు వస్తున్నారు. ఈ ఊరు ఆ షీల్డు కోసం కొన్ని త్యాగాలు చేసింది. రెండేళ్ల కిందట వీపులో కత్తితో దొరికిన మనిషిని 'పనిముట్ల వాడకంలో అజాగ్రత్త' కింద నమోదు చేశారు. అలాంటి చోట తేలని హత్య ఒకటి డైరీలో పళ్లికిలిస్తూ కూర్చుంటే ఎలా? ఊరి పోలీసు పెద్దను అందరూ హెపే అంటారు. ఆ హెపే మేజర్ అబెల్గాస్ సిబ్బందిని వరసగా నిలబెట్టి, శుక్రవారం సాయంత్రంలోగా హంతకుడు దొరకాలని ఆజ్ఞాపించాడు.

నిజం చెప్పుకోవాలి, ఆ స్టేషను అంత కష్టపడటం ఊరు ఎన్నడూ ఎరగదు. ఎనిమిది మంది పోలీసులు, దరఖాస్తుకు డోరే జతచేసిన ఒక్క పుస్తకం. ఒకరు బిగ్గరగా చదివితే ఏడుగురు నోట్సు రాసుకున్నారు. హతుడి వారసులకు నోటీసులు తయారుచేసి, వాళ్లు నివసించే మూడో పేజీలో పెట్టి అందజేసినట్టు నమోదు చేశారు. చేపల మార్కెట్టు నుంచి ఐసు తెప్పించి నేరాన్ని మళ్లీ నటించి చూశారు. శవంగా పడుకున్న కానిస్టేబుల్‌కు జలుబు చేసింది. అన్నింటికీ ముందు, మధ్య, తర్వాత అని మూడేసి ఫోటోలు తీశారు. టిఫిన్‌కు కూడా తీశారు.

గురువారం మధ్యాహ్నం డోరేకు కబురొచ్చింది.

"కూర్చోండి మనాంగ్," అన్నాడు హెపే. మొహం వెలిగిపోతోంది. "మీ హంతకుడు దొరికాడు. చేపలమ్మే నెస్తోర్. ఇరవయ్యో అధ్యాయంలో మా వాళ్లే పట్టుకున్నారు. ప్రావిన్సుకు నివేదిక కూడా పంపేశాం."

డోరే కుర్చీలోంచి లేచింది. "అయ్యో హెపే, వాడు చెయ్యలేదు! ఇంకా నాలుగు అధ్యాయాలున్నాయి కదా!"

"అరెస్టు అయిపోయాక ఇంకా అధ్యాయాలేంటి?" అన్నాడు ఆయన. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సరే, మరి ఎవరు చేశారు?"

డోరే క్రిస్పులో వైపు చూసింది. క్రిస్పులో పైకప్పు వైపు చూశాడు.

"హెపే," అంది ఆవిడ.

"ఊఁ, చెప్పండి."

"అదే చెబుతున్నా. హెపేయే చంపాడు. మీరు కాదు, నవల్లో హెపే."

హెపే కోప్పడలేదు. ఆ హెపే పొడుగెంత అని అడిగాడు. తనకన్నా పొడుగని తెలిసి కాస్త నొచ్చుకున్నాడు.

"వ్యక్తిగతంగా నాకేం అభ్యంతరం లేదు మనాంగ్. కానీ మూసేసిన కేసు తిరగదోడాలంటే హెపే దరఖాస్తు పెట్టాలి. నేనే హంతకుణ్ణని నేనే దరఖాస్తు పెట్టుకోవాలా? అదీగాక మంగళవారం నుంచి నేను సెలవు. నివేదిక ఒకలాగా, పుస్తకం ఇంకోలాగా ఉంటే ఎలా? ఆ చివరి అధ్యాయం తీసేయండి, ఈ క్షణమే ముద్ర వేసి అనుమతి ఇచ్చేస్తాను."

"తీసేస్తే వాడు జైల్లోనే ఉండిపోతాడు హెపే!" అంది డోరే. "తొమ్మిదేళ్లుగా వాణ్ణి ఎరుగుదును. ఈగకు కూడా హాని చెయ్యడు."

"లేని మనిషి కోసం ఇంత బాధేంటి మనాంగ్? లోపల ఉన్నవాళ్లు నలుగురున్నారు, వాళ్లు కూడా ఇంత గొడవ చెయ్యట్లేదు."

లాకప్పులోంచి ఎవరో దగ్గారు.

డోరే ఆ రాత్రంతా ఆలోచించింది. ఒప్పుకోకపోతే మూడు వందల పుస్తకాలు మంచం కిందే చెదలపాలవుతాయి. ఒప్పుకుంటే నెస్తోర్ గతి అంతే. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, తన మీద తనకే ఒళ్లు మండింది. శుక్రవారం పొద్దున ట్రైసికిల్ మాట్లాడుకుని పుస్తకాలన్నీ స్టేషనుకు తీసుకెళ్లింది.

ఇద్దరు కానిస్టేబుళ్లు స్కేలు పెట్టి ఎంతో నీటుగా చించారు. మూడు వందల చివరి అధ్యాయాలను సంచుల్లో కట్టి, లక్క ముద్ర వేసి, సాక్ష్యాల గదిలో పెట్టారు. క్రిస్పులో రసీదు ఇచ్చాడు. దాని మీద 'వస్తువు: మిగిలిన కథ' అని ఉంది. "సంతకం పెట్టు నినాంగ్," అన్నాడు తలెత్తకుండా. పెట్టింది.

శనివారం ఆవిష్కరణ దివ్యంగా జరిగింది. బ్యానరు మీద మేయరు మొహం తలుపంత, పుస్తకం పేరు తలుపు గడియంత. హెపే మాట్లాడుతూ, ఊరి పోలీసులను ఇంత యథాతథంగా చిత్రించిన రచన తాను చదవలేదన్నాడు. (ఇది అక్షరాలా నిజం. ఆయన వేరే ఏదీ చదవలేదు.) వచ్చినవాళ్లకు పెట్టిన నూడుల్స్ అయిపోయేలోపే ప్రతులన్నీ అయిపోయాయి. సోమవారం షీల్డు కూడా వచ్చింది.

ఆ తర్వాత వారం రోజులు డోరే ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయింది. ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి, ఏమిటమ్మా ఈ మోసం, చివర ఏదీ అని కడిగేస్తారని భయపడింది. రెండు రోజులు గడిచాక, కడిగేస్తే బాగుండునని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. ఆఖరికి తనే ఉండబట్టలేక మార్కెట్టుకు వెళ్లింది. చేపలమ్మే ఫెలీసా తక్కెడ పక్కన పుస్తకం కనిపించింది, పొలుసులంటుకుని.

"చదివావా ఫెలీసా?"

"రెండుసార్లు చదివాను మనాంగ్! అబద్ధం ఒక్క ముక్క లేదు."

"చివర్లో... ఏదో తగ్గినట్టు అనిపించలేదూ?"

ఫెలీసా ఒక చేప కడుపు చీరింది.

"ఏం తగ్గింది మనాంగ్? చేపలమ్మేవాడు జైల్లో ఉన్నాడు, హెపే కుర్చీలో ఉన్నాడు. ఇంకేం మిగిలింది చెప్పడానికి?"