ఎల్లేశం చదువు డైరీ

ఆ రోజు పొద్దున ఎల్లేశం అనుకున్న పని చాలా చిన్నది. డ్యూటీకి పోతూ పోతూ తన చదువు డైరీని ఇంగ్లీషు నేర్పే ఉమారాణి మేడానికి ఇచ్చిపోవాలి. ముప్పై ఏళ్ళుగా బొగ్గుబాయిలోకి దిగుతున్న ఆయనకు, పైన ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ ఉందని తెలిసింది. సోమవారం ఒక ఇంగ్లీషు కాగితం చదివి అర్థం చెబితే ఆ కుర్చీ ఆయనదే. అందుకే యాభై రెండో ఏట, తెలిస్తే నవ్వుతారని ఇంట్లో దాచిపెట్టి మరీ చదువుకుంటున్నాడు. చదివిన ప్రతిసారీ మనసులో ఏమైందో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాయమంటుంది మేడం. ఎల్లేశం ఉన్నదున్నట్టే రాశాడు. అదే కొంప ముంచింది.

ఆయన స్నానానికి పోగానే దిండు కింది డైరీ భార్య సారక్క చేతికి చిక్కింది. ఇంగ్లీషు వచ్చిన పక్కింటి భూమికను పిలిచి వాకిట్లోనే చదివించింది.

"మొదట్ల మంచిగనే ఉంటదట పెద్దవ్వా. నడుమకు పోంగనే ఊపిరాడదట. కండ్లకు చీకట్లు వస్తయట. ఎనుకకు మర్రుదామంటే తొవ్వ దొరకదట."

"బాయిల గింత గోస పడుతుండా! నాకొక్క మాట చెప్పలే!" అంటూ సారక్క డైరీ పట్టుకుని కంపెనీ దవాఖానకు పరుగెత్తింది.

ఎల్లేశం తువ్వాలతో బయటికొచ్చేసరికి వాకిట్లో జనం. బాయి పనికి పనికిరాడని డాక్టరు రాస్తే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. ఆ కాలనీలో అంతకు మించిన శుభవార్త లేదు.

"మస్తు ఉపాయం చేసినవ్ బావా," అని తనతో బాయిలో పనిచేసే రాజేశం చేయి పట్టుకున్నాడు. "గా డైరీ జర నాకియ్యి, సూసి రాసుకుంట."

సారక్క డైరీ పట్టుకుని దవాఖానకు పోయిందని ఎల్లేశానికి అప్పుడు తెలిసింది. తనను ఇంటికి పంపిస్తే ఇక కుర్చీ ఎక్కడిది? చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే దవాఖానకు ఉరికాడు.

"సారూ, గా డైరీల రాసింది బాయి ముచ్చట కాదు. బాయిల నాకేం ఫికర్ లేదు. ఇంగ్లీషు చదివినప్పుడే గట్లయితది!"

"చదివినప్పుడేనా?"

"మా అవ్వ మీద ఒట్టు సారూ."

బాయి పేరు చెప్పి రోగాలు వల్లించేవాళ్ళనే ఇన్నాళ్ళూ చూసిన డాక్టరుకు ఈ మనిషి మీద జాలి కలిగింది. నాలుగు లైన్లు ఇంగ్లీషులో రాసి, ఒక ప్రతి ఆఫీసుకు పంపి, ఇంకొకటి డైరీతో సహా ఎల్లేశం చేతిలో పెట్టాడు.

ఎల్లేశం దవాఖాన మెట్ల మీద కూర్చుని చదివాడు. ఊపిరి ఆగలేదు, కళ్ళు తిరగలేదు. ఒక్క మాటనూ మనసులో తెలుగు చేసుకోకుండానే అంతా అర్థమైపోయింది. బాయి పనికి అన్ని విధాలా అర్హుడు. చదువు, రాత పనులు మాత్రం ఇతనికి ఎన్నడూ ఇవ్వరాదు.

ముప్పై ఏళ్ళు బాయిలో ఎన్నడూ ఏడవని మనిషి అక్కడ కూర్చుని ఏడ్చాడు. తర్వాత అలవాటు కొద్దీ డైరీ తెరిచి, ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను రాశాడు. ఈసారి చదివింది మొత్తం అర్థమైంది అని.

మేడం దాని కింద ఎర్ర సిరాతో, మంచి పురోగతి అని రాసింది.