ఊదా చుక్క లేని గొర్రె ఎవరిది?

పుకారు ఈ దేశానికి చేసిన సేవ ఏ ప్రభుత్వమూ చేయలేదు! ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. జడ్చర్లలో పదహారేళ్లుగా పిల్లలకు సోషల్ చెబుతున్న మనిషిగా, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

మీరే ఆలోచించండి. 'ఆర్థిక సంస్కరణలు' అని నేను బోర్డు మీద రాయగానే తొమ్మిదో తరగతిలో సగం మంది నిద్రపోతారు. మిగతా సగం వాళ్లను చూసి ఆవలిస్తారు. అదే సంస్కరణ పుకారై బస్టాండులో దిగిందనుకోండి. అక్షరం ముక్క రానివాళ్లు కూడా చాయ్ చల్లారిపోయేదాకా నోరు తెరుచుకుని వింటారు. మరి ఎవరు పెద్ద టీచర్? నేనా, పుకారా?

ప్రభుత్వం ప్రతిపాదనలన్నీ ఇంగ్లీషులో రాస్తుంది, వందల పేజీలు రాస్తుంది, రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. పుకారుకు అలాంటి గర్వం లేదు. మన భాషలో వస్తుంది. మన బెంచీ మీద కూర్చుంటుంది. అర్థం కాలేదంటే మళ్లీ మొదటి నుంచి చెబుతుంది, రెండోసారి ఇంకా బాగా చెబుతుంది!

రెండేళ్ల కిందట రూపాయి విలువ తగ్గించారని రేడియోలో చెప్పారు కదా. మా పక్కింటి అంజయ్య, మూడెకరాల్లో ఆముదం వేసే రైతు, వెంటనే జేబులోని రూపాయి బిళ్లను కంసాలి దగ్గరికి తీసుకుపోయి తూకం వేయించాడు. ఎంత తగ్గించారో కళ్లారా చూద్దామని. తగ్గలేదు. "ఇంక ఈడిదాక రాలేదు, ఢిల్లీల తగ్గినట్టుంది" అని తేల్చాడు. అందరూ నవ్వారు. మరుసటేడు కొత్త రూపాయి బిళ్ల వచ్చింది. నిజంగానే చిన్నది, నిజంగానే తేలిక! ఆ రోజు నుంచి మా వాడలో అంజయ్య మాటకు ఎదురు లేదు.

దేశం బంగారాన్ని విమానమెక్కించి కుదువబెట్టారని విన్నప్పుడు కూడా ఇదెక్కడి పుకారని కొట్టిపారేశాం. అది పేపర్లోనే వచ్చింది. ఇక ఏది నమ్మాలో, ఏది మానాలో చెప్పగలిగే మొనగాడెవరు? ఉత్తమమైన పద్ధతి అన్నీ నమ్మడమే!

నమ్మాం కూడా. వేపపుల్లతో పళ్లు తోముకోవాలంటే లైసెన్సు కావాలని విన్నాం. ఒక్కొక్కరు రెండేళ్లకు సరిపడా పుల్లలు విరిచి అటక మీద పెట్టుకున్నారు. విత్తనం దాచుకుంటే జైలని విని అంజయ్య ఆముదం గింజల్ని దిండులో కుట్టించుకున్నాడు. మెడ పట్టేసి నెల రోజులు పక్కకు తిరిగే నడిచాడు. నారాయణపేట చీర అంచు విదేశీ కంపెనీ పేరు మీదికి పోయిందనీ, ఇక కట్టుకుంటే పర్మిషన్ కావాలనీ విని ఆయన భార్య భద్రమ్మ పెట్టెలో దాచుకున్న పెళ్లిచీర కట్టుకుని పేడకళ్లు ఎత్తింది. "దాస్తె వాళ్లు గుంజుకుంటరు, కట్టి చింపుత" అంది. స్వదేశీ ఉద్యమం ఇంతకంటే గొప్పగా ఎక్కడైనా జరిగిందా?

ఇంత చదువు చెప్పిన పుకార్లలో ఒక దానికి కన్నతండ్రిని నేనే. ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. సిగ్గుగా ఉంటుంది, కొంచెం గర్వంగానూ ఉంటుంది.

నిరుడు ఎండాకాలం. బస్టాండు ఎదురుగా చోటే మియా హోటల్లో నేను రోజూ పేపర్ పైకి చదవడం అలవాటు. ఆ రోజు విత్తనాల మీదా మందుల మీదా కంపెనీలకు పేటెంట్లు ఇవ్వాలన్న డంకెల్ ప్రతిపాదనల గురించి చదువుతున్నాను. పెద్దులు వచ్చి కూర్చున్నాడు. గుట్ట కింది పల్లె అతనిది. అరవై గొర్రెల మంద. అంతకు ముందు ఇంకా పెద్ద మందే ఉండేది. ఐదేళ్ల కిందట వానలు పడగానే చిటుక రోగం తగిలి, ఒక్క తెల్లవారికే పద్దెనిమిది గొర్రెలు కాళ్లు చాపేశాయి. ఆ గొర్రెలే అతనికి పొలం, జీతం, పింఛను, అన్నీ.

"సార్, గా డంకెలు అంటె ఏంది? మందా, మనిషా?" అన్నాడు.

నా అదృష్టం చూడండి! పదహారేళ్లుగా క్లాసులో ఒక్కడు కూడా నన్ను ప్రశ్న అడగలేదు. చాయ్ పక్కన పెట్టేశాను. పేటెంటు అంటే ఏమిటో ఉదాహరణతో చెబుదామనిపించింది. మంచి టీచర్ ఉదాహరణను పిల్లవాడి ఇంట్లోంచే తీసుకోవాలని ట్రైనింగులో చెప్పారు మరి.

"పెద్దులూ, నీ గొర్రెలకు చెవి గాటు ఎందుకు పెడతావు?"

"వేరేటోళ్ల మందల కలిస్తె గుర్తు పట్టనీకి సార్. ఎడమ చెవు కొసకు రెండు గాట్లు మావి. మా తాతల కాడికెల్లి గదే."

"ఆ గాట్లున్న గొర్రె ఎవరిది?"

"ఎవరిదేంది సార్? మాదే. పోలీసాయన వచ్చినా మాదే."

"పేటెంటూ అంతే! ఎవరి గుర్తు పడితే సొత్తు వారిది."

చోటే మియా చాయ్ వడబోయడం ఆపేశాడు. నా పాఠం ఇంత బాగా ఎవరికీ ఎప్పుడూ ఎక్కలేదు. ఆ రోజు ఇంటికి ఛాతీ విరుచుకుని నడిచాను.

నేను ఇంటికి నడిచాను, పాఠం మాత్రం నారాయణపేట బస్సెక్కింది. మా దగ్గర మాట ఒకసారి ఆ బస్సెక్కిందంటే ఊరూరా దిగి, మనుషులను పలకరించి, సరిగ్గా మూడో రోజుకు జడ్చర్లకు తిరిగి వస్తుంది. ఆర్టీసీ టైము తప్పుతుందేమో కానీ ఇది తప్పదు. నా పాఠానికి మహబూబ్‌నగర్లో ఒక కంపెనీ తోడైంది. దేవరకద్రలో ఆ కంపెనీ విదేశీ అయింది. మక్తల్ దాటేసరికి దాని చేతికి రంగు డబ్బా వచ్చింది. మూడో రోజు చోటే మియా నా చెవి దగ్గరికి వంగి, "సార్, జర పైలం. గొర్లకు రంగు చుక్క పెడతాన్రట. చుక్క పడ్డ గొర్రె ఇగ ఫారినోళ్లదేనట" అన్నాడు.

నా పాఠాన్ని నేను గుర్తుపట్టానా? అస్సలు లేదు! కన్నబిడ్డ జాతరలో వేషం వేసుకొచ్చి ఎదురుపడినట్టయింది. నోరు తెరుచుకుని విన్నాను. ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పాను.

సరిగ్గా ఆ వారమే అబ్దుల్ హమీద్ టీకాలకు బయలుదేరాడు. పశువుల దవాఖాన కాంపౌండర్. సైకిలు వెనక ఐసు డబ్బా కట్టుకుని ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న మనిషి. వానలకు ముందు చిటుక రోగం టీకా వేస్తాడు. ఒకే గొర్రెకు రెండు సూదులు పడకుండా, వేసిన ప్రతిదాని వీపు మీద గుర్తుకు ఒక చుక్క పెడతాడు. ఏటా ఎర్ర జాజు పెట్టేవాడు. నిరుడు జాజు అయిపోయి, ఇంట్లో ఉన్న ఊదా రంగు పట్టుకొచ్చాడు. ఇంకేం కావాలి?

రెండు రోజులకు పెద్దులు భార్య సత్తమ్మ ఎర్రటి ఎండలో స్కూలుకే వచ్చింది.

"సార్, మీరేం చెప్పిన్రో ఏమో, మా ఆయన మందను తోల్కొని గుట్టెక్కిండు. హమీద్ సాబ్ వచ్చిన దిక్కు చూస్తలేడు. వాన పడి పచ్చగడ్డి మొలిస్తె గొర్లు దక్కుతయా సార్? పోయినసారి పద్దెనిమిదింటిని నేనే గుంతల పెట్టిన." ఆమె కళ్లు తుడుచుకోలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

అప్పుడు తెలిసింది, ఆ వేషం వేసుకున్న బిడ్డ ఎవరిదో. హమీద్‌ను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాను. ముళ్లకంపల మధ్య పెద్దులు మందకు అడ్డంగా కట్టె పట్టుకుని నిలబడ్డాడు.

మొదట నిజం చెప్పి చూశాను. నిజంతో ఎప్పుడూ ఒక ఇబ్బంది ఉంది, అది చాలా పొట్టిగా ఉంటుంది.

"పెద్దులూ, ఇది ప్రభుత్వం టీకా. నీ దగ్గర ఏమీ తీసుకోరు, ఊరికే వేస్తారు."

"ఊరికెనే ఎందుకేస్తరు సార్?"

దీనికి జవాబు మీకు తెలిస్తే దయచేసి నాకు ఉత్తరం రాయండి. హమీద్ నా వైపు చూశాడు. ఐసు డబ్బాలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఐసు కరిగితే మందు పనికిరాదు.

ఇక లాభం లేదని పెద్దులును పక్కకు పిలిచాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాను.

"ఎవరికీ చెప్పనంటే ఒక సంగతి చెబుతాను. నువ్వు విన్నది తలకిందులు. చుక్క ఉన్న గొర్రెల జోలికి ఆ కంపెనీ రాదు. చుక్క లేనివాటినే పట్టుకుపోతుంది!"

పెద్దులు గొర్రెల కంటే ముందు గుట్ట దిగాడు.

'ఎవరికీ చెప్పకు' అన్నాను కదా, తెల్లారేసరికి పదకొండు ఊళ్ల మందలు దవాఖాన ముందున్నాయి! మేకలు వచ్చాయి, బర్రెలు వచ్చాయి. అంజయ్య తన కుక్కను పట్టుకొచ్చి దానికీ ఒక చుక్క పెట్టమని గొడవ చేశాడు. హమీద్ చేతులు మోచేతుల దాకా ఊదా రంగు. నిరుడు వానలకు ఆ పదకొండు ఊళ్లలో చిటుక రోగంతో ఒక్క గొర్రె చావలేదు. చూశారా? ప్రభుత్వం ఇరవై ఎనిమిదేళ్లలో చేయలేనిది పుకారు ఒక్క పూటలో చేసింది!

ఇక్కడ ఆపేస్తే వ్యాసం బాగుండేది. మీరు నవ్వుకుంటూ పేజీ తిప్పేవారు. నేనూ ఛాతీ విరుచుకునేవాణ్ణి.

ఈ ఏప్రిల్‌లో హమీద్ రిటైరయ్యాడు. చోటే మియా హోటల్లో నా పక్కన కూర్చుని జేబులోంచి మడతలు పెట్టిన ఒక కాగితం తీశాడు. ఇంగ్లీషు. ఖర్చుల తగ్గింపులో భాగంగా ఖాళీ అయిన పోస్టులు నింపబోమని రెండు లైన్లలో ఉంది. అంటే ఇక కాంపౌండర్ రాడు. మందు తెప్పించేవాడు లేడు, ఐసు డబ్బా మోసేవాడు లేడు.

"ఇది మాకెందుకు చెప్పలేదు హమీద్ భాయ్?" అన్నాను.

"ఆరు నెల్ల కిందనే చెప్పిన సార్, గీ బెంచి మీదనే. మీరు గూడ ఉన్నరు. వేపపుల్ల లైసెన్సు మీద మాట్లాడుతున్నరు మీరంత. గీ కాగితంల కంపెనీ లేదు, కుట్ర లేదు. ఎవరింటరు?"

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నేను ఆ కాగితం అందుకుని, దాని మీదే చాయ్ గ్లాసు పెట్టాను. మడతల మధ్య ఆ గుండ్రటి మరక ఇంకా ఉంది.

దవాఖాన తలుపుకు తాళం పడింది. మూడు అర్జీలు రాశాను. 'పరిశీలనలో ఉన్నది' అని ఒక కార్డు వచ్చింది. మిగతా రెండూ అంతకంటే లోతుగా పరిశీలనలో ఉన్నట్టున్నాయి.

మొన్న ఆదివారం పెద్దులు ఎదురయ్యాడు. ముఖం వెలిగిపోతోంది. రెండు చేతులకూ ఊదా రంగు.

"హమీద్ సాబ్ లేకుంటె ఆగుతనా సార్? రంగు డబ్బా నేనే తెచ్చిన. అరవై ఎనిమిదింటికి చుక్క పెట్టిన. పిల్లగొర్లను గూడ ఇడిసిపెట్టలే. ఇగ ఫికర్ లేదు!"

అతని భుజాలు పట్టుకుని చెప్పాను. రంగులో ఏమీ లేదు పెద్దులూ, సూదిలో ఉంది. కంపెనీ లేదు, గింపెనీ లేదు. ఆ మాట నేనే పుట్టించాను. మొదటిదీ నేనే, రెండోదీ నేనే. సూది పడకపోతే గొర్రెలు పోతాయి. దవాఖానకు ఇక మనిషి రాడు, మనమంతా పోయి అడగాలి.

పెద్దులు ఓపికగా విన్నాడు. తర్వాత నా మీద జాలిపడ్డాడు.

"సదువుకున్నోళ్లు, మీరే గిసొంటి పుకార్లు నమ్మితె ఎట్ల సార్?" అని, నా చొక్కా మీద ఊదా మరక పడకుండా జాగ్రత్తగా భుజాలు విడిపించుకుని వెళ్లిపోయాడు.

కాబట్టి పాఠకులారా, నాకు తెలిసిన ఒక్క దారే మిగిలింది. ఈ పొద్దున హైదరాబాదు బస్సు కండక్టరును పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను. ఆఫీసుల్లో ఖాళీగా ఉన్న కుర్చీలన్నీ లెక్కబెట్టుకుంటూ ఒక విదేశీ కంపెనీ వస్తోందట. మనిషి కూర్చోని కుర్చీ కనిపిస్తే, దాని మీద చుక్క పెట్టి, పక్క కుర్చీలోని ఆఫీసరుతో సహా ఎత్తుకుపోతుందట! ఎవరికీ చెప్పకు అని కూడా అన్నాను. మీరూ ఎవరికీ చెప్పకండి.

మూడు రోజుల్లో అది పెద్ద ఆఫీసులన్నీ తిరిగి వస్తుంది. నాలుగో రోజు మా జిల్లాలో వానలు మొదలవుతాయని రేడియో చెప్పింది. పాలమూరులో పుట్టి పెరిగి వాన రావద్దని కోరుకున్నవాడు ఇంతవరకు ఎవడూ ఉండడు. ఆ ఒక్క మాట పుకారైతే బాగుండని పొద్దుటి నుంచి ఆకాశం వైపు చూస్తున్నాను.