తుల్సీరాం ఇంట్లనే ఉన్నడు సార్

ఆ సోమవారం తుల్సీరాం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని పాల్వంచలోని బ్యాంకుకు బయలుదేరాడు. కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడతడు. కూతురు భార్గవి ఇంటర్ రెండో ఏడాది. ఇంటర్ అయ్యాక ఓ ఏడాది ఆగైనా సరే, నర్సింగే చదవాలని ఆ పిల్ల పట్టుదల. దానికి చదువు లోను కావాలి. తండ్రి సిబిల్ స్కోరు చూడగానే బ్యాంకు మేడం నొసలు చిట్లించింది.

"అప్పు నేను తీసుకోలే మేడం. మా తండాల బాబూరావు బండి కొన్నడు, నేను జామీను సంతకం పెట్టిన. ఆడు కట్టలే."

"ఎందుకు పెట్టినవయ్యా?"

"అడిగిండు గద మేడం!"

తండాలో సంతకానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. మేడం జాలిపడి ఒక దారి చెప్పింది. ఇరవై వేలు డిపాజిట్ చేస్తే దాని మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. కొద్దికొద్దిగా వాడుతూ, గడువులోగా కడుతూ పోతే ఏడాదికి స్కోరు పెరుగుతుంది, లోను వస్తుంది. భార్య సరళ మిర్చి ఏరి కూడబెట్టిన ఇరవై వేలూ తుల్సీరాం కట్టేశాడు.

"మా మనిషి మీ ఇంటికొచ్చి చూసిపోతడు, అంతే," అంది మేడం.

అంతేనట! అక్కడే మునిగింది కొంప.

ఆ మనిషి వచ్చేసరికి తుల్సీరాం షిఫ్టులో, సరళ చేలో ఉన్నారు. హెల్మెట్, సంచీ, ఫైలు పట్టుకుని తండాకు వచ్చేవాళ్లకు ఒకటే పని, కిస్తీల వసూలు. వాళ్లకు మనిషిని చూపించకపోవడం తండా మర్యాద.

"తుల్సీరాం ఇల్లేది?"

"వైరా పోయి రెండేండ్లాయె సారు," అన్నాడు పక్కింటి తిరుపతి.

అది చాలదనిపించింది ఎదురింటి ద్వాలి అవ్వకు. "వైరా యాడిది కొడుకా! సచ్చిపోయిండు!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎంత బాగా ఏడ్చిందంటే, వచ్చినవాడు హెల్మెట్ తీసి దండం పెట్టి, ఫైల్లో అదే రాసుకుని పోయాడు.

వారం తిరిగేసరికి దరఖాస్తు రద్దు. డిపాజిట్ కూడా ఆపేశారు. తుల్సీరాం బ్యాంకులో లబోదిబోమన్నాడు.

"మేడం, నేను బతికే ఉన్న!"

"నాకు కనబడుతున్నవయ్యా, కంప్యూటర్‌కు కనబడొద్దా? మళ్ల మనిషిని పంపుత. ఈసారన్న సక్కగ చెప్పమను."

ఆ సాయంత్రం అతడు ఇంటింటికీ తిరిగాడు. "మీ కాళ్లు మొక్కుత. ఎవలొచ్చి అడిగినా నేనున్ననని చెప్పుండ్రి." ద్వాలి అవ్వ నొచ్చుకుని ఒట్టేసింది.

మర్నాడే ఒక హెల్మెట్, సంచీ, ఫైలు వచ్చాయి. తండా అంతా ఎదురెళ్లింది.

"తుల్సీరామా? ఇంట్లనే ఉన్నడు సార్, రండి!" అంటూ తిరుపతి చెయ్యి పట్టుకుని మరీ తీసుకొచ్చాడు. ద్వాలి అవ్వ చాయ్ ఇప్పించి, "నెలనెలా జీతమొస్తది. బండి గూడ ఉన్నది సూడు!" అని బండి మీది పట్టా లాగి చూపించింది.

వచ్చినవాడు బాబూరావు బండికి అప్పిచ్చిన ఫైనాన్సు మనిషి. రెండేళ్లుగా తుల్సీరాం కోసం తిరుగుతున్నాడు పాపం. తుల్సీరాం స్నానం నుంచి తువ్వాలుతో పరుగెత్తుకొచ్చేసరికి, ఆ మనిషి చాయ్ తాగేసి, బాకీ కింద జామీనుదారుడి బండెక్కి వెళ్లిపోయాడు.

బ్యాంకు మనిషి ఆ తర్వాతి రోజు వచ్చాడు. కార్డూ వచ్చింది. కానీ బండి లేనిదే షిఫ్టుకు పోలేడు, పోకపోతే కాంట్రాక్టరు తీసేస్తాడు. బండి విడిపించుకోవడానికి కార్డు మొదటిసారి గీకింది ఫైనాన్సు ఆఫీసులోనే. పదిహేడు వేల ఆరువందలు, బాబూరావు బాకీ మొత్తం. గడువు దాటినా తుల్సీరాం కట్టలేకపోయాడు. బ్యాంకు డిపాజిట్‌లోంచి పట్టుకుని కార్డు మూసేసింది. స్కోరు ఇంకా కిందికి పోయింది.

"నర్సింగు వద్దులే బాపూ, డిగ్రీ చదువుత," అంది భార్గవి తలెత్తకుండా. తుల్సీరాంకు దుఃఖం ఆగలేదు. సరళ అతడితో మాట్లాడటమే మానేసింది.

అలాంటి పూట బాబూరావు లడ్డూల పొట్లంతో వచ్చాడు.

"అన్నా, నా లోను మొత్తం క్లియరయింది గద, స్కోరు పెరిగిందంట! బ్యాంకోళ్లే మెసేజ్ పెట్టిండ్రు, నాకు క్రెడిట్ కార్డు ఇస్తరంట!"

ఆ కార్డుకు ఏడాది రుసుము కూడా లేదు.