మూలపురుషుడి ఎడమ భుజం

మూలాల కమిటీ పెద్దలారా, మా ఊళ్లో మీరు చేసింది దొంగతనం! అయినా మేం మీకు దణ్ణం పెట్టాలి. మీరు రాకముందు మాకు చరిత్ర కొంచెమే ఉండేది. ఇప్పుడు ఊరు పట్టనంత ఉంది.

మా చైనా యుద్ధవిద్య తైచీ నేర్చే ప్రతివాడూ పొద్దున్నే చేసే పట్టుదారం కసరత్తు ఉంది కదా? నడుముతో మొదలుపెట్టి, చెయ్యి గుండ్రంగా తిప్పాలి. పట్టుగూటి నుంచి దారం తీసినట్టు కదలాలి. గుంజితే తెగుతుంది, ఆగితే చిక్కుపడుతుంది. ఆ మాట పాత గురువులదే, కాదనం. కానీ ఒక్కో చేతినీ విడిగా తిప్పే ఈ కసరత్తును కూర్చింది మా గెంగ్ బావ్‌లూ తాత. ఇటుక బట్టీ కూలీలు కదలికల పొడవాటి వరుస గుర్తురాక సగంలో దిక్కులు చూస్తుంటే, ఆయనకు విసుగెత్తింది. వరుసను ముక్కలు చేసి ఊరి కళ్లంలో నేర్పాడు. ఆ దిక్కులు చూసినవాళ్లలో మా నాన్న ఒకడు.

ఛీ, ఇదీ ఒక చరిత్రేనా? చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు!

అందుకే మీ కమిటీ మాకు నాలుగైదు వందల ఏళ్ల నాటి మింగ్ రాజుల కాలపు సేనాపతిని వెతికిపెట్టింది. పనివాళ్లు పట్టు తీస్తుంటే కిటికీలోంచి చూసి, ఆయన దీన్ని కనిపెట్టాడట. పక్క ఊరు ఊరుకుంటుందా? వాళ్లకో సన్యాసి దొరికాడు. ఆయనకు కలలో పట్టుపురుగు నేర్పిందట. పసుపు నది అవతలి ఊరికి ఏకంగా ఆ పురుగే దొరికింది, గుడి కడుతున్నారు. మా హెనాన్ రాష్ట్రంలో ఇప్పుడు గోధుమ కన్నా మూలాలే బాగా పండుతున్నాయి. ఎరువు కూడా అక్కర్లేదు!

సేనాపతికి విగ్రహం కావాలి. ఆయన ఎలా నిలబడేవాడో ఎవడికి తెలుసు? శిల్పికి గెంగ్ తాత పాత ఫోటో ఇచ్చారు. ఆ ఫోటో తీసిన ఏడాది తాత రేగుచెట్టు మీంచి పడ్డాడు. ఎడమ భుజం చెవిదాకా లేచి ఉండేది. రాతి సేనాపతి భుజమూ చెవిదాకా లేచింది.

మా విద్యలో గురువు ఒంటిని మక్కీకి మక్కీ దించుకోవాలి. గురువు కుంటితే శిష్యుడూ కుంటుతాడు. అంచేత నేర్చుకోడానికి బస్సుల్లో వచ్చేవాళ్లంతా ఇప్పుడు భుజాలు చెవులకు ఆనించి తిరుగుతున్నారు. నూడుల్స్ బండి లువో చ్యూషా వదినకు మెడ పట్టేసింది. "మామూలు నొప్పి కాదు, రాజుల నాటిది," అని అందరికీ చెప్పుకుంటోంది. ఇంతకన్నా వారసత్వం ఏం కావాలి?

కసరత్తు నేర్పాలంటే ఇప్పుడు కమిటీ పరీక్ష పాసవ్వాలి. గెంగ్ తాత ఫెయిలయ్యాడు.

"మీ ఎడమ భుజం దిగిపోయింది తాతా," అన్నాడు కమిటీ అధ్యక్షుడు తోంగ్ వీషాన్.

"దిగక? మానిపోయిందిరా వెధవా!"

"మూలంలో ఎత్తుగా ఉంది మరి."

"ఆ మూలం నేనేరా! చెట్టు మీంచి పడింది నేను!"

తోంగ్ నొచ్చుకున్నాడు. మర్యాదస్తుడు. "కోప్పడకండి తాతా. బతికున్నవాళ్లను మూలపురుషులుగా పెట్టే రూల్ లేదు. మీరు పోయాక తప్పకుండా చూస్తాం."

"అయితే తొందరగా పొమ్మంటావా?"

"అబ్బే, మీ వీలును బట్టి."

ఇంత ఓపిక గల కమిటీ ఇంకెక్కడైనా ఉందా? తాతను తొందరపెట్టలేదు. కళ్లం చుట్టూ కంచె కట్టి, గేటుకు తాళం మాత్రం వేసింది.

తాత ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడుతున్నాడు. మేం నలుగురం చేరగానే కాపలావాడు తరిమేస్తున్నాడు. తాత మా మోచేతి కింద చెయ్యి పెట్టి, "లాగకు, రానివ్వు," అనేవాడు. చెయ్యి తనంతట తానే తిరిగేది. ఆ పట్టు రాతిలో ఉందా? ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. మాకు సగమే వచ్చింది.

ఆయనలో కమిటీకి కనబడ్డ అసలు లోపం ఒక్కటే, ఇంకా ఆడుతున్న ఊపిరి. అది ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు సర్దుకుంటుంది, అందాకా ఆగమంటున్నారు. మేం ఆగం!

మీ సేనాపతిని మీరే ఉంచుకోండి. పురుగును కూడా తెచ్చుకోండి. రేపు పొద్దున్న తాత వచ్చేసరికి కళ్లం తాళం తీసి ఉండాలి. తీయకపోతే మేం పగలగొడతాం. ఆయన పోయాక మీరు వేసే దండ మాకొద్దు. ఆయన బతికుండగా నిలబడి నేర్పే చోటు మాకు కావాలి.